కిల్లలూను కాలినడకన చూడడం ఎలా: షానన్ ఒడ్డున రెండు రోజుల ప్రణాళిక

ఐర్లండ్‌లో చదువుకో, ఉద్యోగానికో ఉంటున్న మనవాళ్లు సెలవు దొరికితే సాధారణంగా డబ్లిన్ వీధులు, మోహర్ కొండచరియలు చూసి తృప్తి పడతారు. పడమటి తీరానికి పోయే ఆ దారికి కాస్త పక్కగా, లిమెరిక్ నగరం నుంచి అరగంట ప్రయాణంలో, కిల్లలూ అనే చిన్న ఊరు ఉంది. ఉత్తరాన పోర్టుమ్నా అనే ఊరి దగ్గర మొదలై దాదాపు 38 కిలోమీటర్ల పొడవున పరుచుకున్న లాక్ డెర్గ్ సరస్సు ఇక్కడికి వచ్చేసరికి సన్నబడి మళ్లీ షానన్ నదిగా మారుతుంది. పడమటి గట్టున ఉన్నది కిల్లలూ, క్లేర్ జిల్లాలోది. తూర్పు గట్టున ఉన్నది బల్లినా, టిప్పరరీ జిల్లాలోది. మధ్యలో ఒక పాత రాతి వంతెన ఉంది. జిల్లాలు రెండైనా బతుకంతా కలిసే సాగే జంట ఊళ్లివి.

ఈ ఊరిని చూడడానికి నేను సూచించే పద్ధతి ఒకటే: నీటి దగ్గర మొదలుపెట్టి పైకి నడవండి, ఆ తరువాత సరస్సు అంచు వెంట వెళ్లండి. ఇక్కడి కోట, గుడి, వంతెన, జలవిద్యుత్ పథకం అన్నీ సరస్సు నదిగా ఇరుకయ్యే ఈ చోటును పట్టుకుని పుట్టినవే. ఆ ఇరుకును ముందుగా కళ్లారా చూస్తే, మిగతావన్నీ అక్కడే ఎందుకు వెలిశాయో ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. కారులో వచ్చి, చర్చి ముందు ఫోటో దిగి, గంటలో వెళ్లిపోయేవారికి ఆ సంగతి అందదు.

బయలుదేరే ముందు

వీసా సంగతి ముందుగా తేల్చుకోండి. ఒకే వీసాతో చాలా ఐరోపా దేశాల్లో తిరగనిచ్చే షెంగెన్ కూటమిలో ఐర్లండ్ లేదు కాబట్టి, ఫ్రాన్స్‌కో జర్మనీకో తీసుకున్న షెంగెన్ వీసా ఇక్కడ చెల్లదు. బ్రిటన్ వీసా ఉన్న భారతీయులు కూడా, దాని మీద బ్రిటిష్-ఐరిష్ వీసా పథకానికి చెందిన ముద్ర ఉందో లేదో చూసుకున్నాకే ప్రయాణం ఖాయం చేసుకోవాలి. ఆ ముద్ర లేకపోతే ఐర్లండ్ వీసాకు విడిగా దరఖాస్తు చేసుకోక తప్పదు.

రెండో జాగ్రత్త ఊరి పేర్ల గురించి. ఐర్లండ్‌లో బల్లినా అంటే ఎక్కువ మందికి గుర్తొచ్చేది వాయవ్యంలోని మేయో జిల్లాలో ఉన్న పెద్ద పట్టణం. అలాగే లాక్ డెర్గ్ పేరుతో ఉత్తరాన డోనిగాల్ జిల్లాలో ఇంకొక సరస్సు ఉంది, దాని మధ్యలోని చిన్న దీవి కాథలిక్కుల ఉపవాస యాత్రాస్థలం. కాబట్టి టికెట్ కొనేటప్పుడు, గది తీసుకునేటప్పుడు, ఫోన్‌లో దారి వెతికేటప్పుడు జిల్లా పేరు కూడా కలిపి చూడండి. ఒక్క మాట సరిచూసుకోకపోతే దేశానికి అటు చివర తేలే ప్రమాదం నిజంగానే ఉంది.

కాలం విషయానికొస్తే, మే నుంచి సెప్టెంబరు దాకా అనుకూలం. జూన్‌లో రాత్రి పది గంటల దాకా వెలుతురు ఉంటుంది కనుక ఒక్క రోజులోనే రోజున్నర పని అవుతుంది. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకల్లా చీకటి పడుతుంది, పడవలూ తిరగవు. ఏ నెలలో వెళ్లినా వాన కోటు, నీళ్లు లోపలికి దిగని బూట్లు తప్పనిసరి. ఈ గాలిలో గొడుగు నిలవదు.

చేరుకోవడం

డబ్లిన్ హ్యూస్టన్ స్టేషన్ నుంచి లిమెరిక్‌కు రైలులో రెండు గంటలకు కాస్త అటూ ఇటూ పడుతుంది. అక్కడి నుంచి కిల్లలూ, బల్లినాలకు బస్సులున్నాయి కానీ ఎక్కువ లేవు, ఆదివారం మరీ తక్కువ. అందుకని వెళ్లే బస్సుతో పాటు తిరిగి వచ్చే చివరి బస్సు సమయం కూడా ముందే రాసి పెట్టుకోండి. బర్డ్‌హిల్ అనే చిన్న రైల్వే స్టేషన్ మ్యాపులో దగ్గరగా కనిపిస్తుంది కానీ, ఆ మార్గంలో రోజుకు నడిచే రైళ్లు బహు తక్కువ కనుక దాన్ని నమ్ముకోవద్దు.

కారులో వచ్చేవారికి ఒక వెసులుబాటు ఉంది: ఇక్కడ కూడా మనలాగే ఎడమ పక్కనే నడపాలి. ఊరికి దక్షిణాన 2025లో బ్రయన్ బోరూ పేరుతో కొత్త వంతెన తెరిచారు. నది దాటడానికి ఆ దారిన రండి. పాత వంతెన ఇరుకైనది, నడిచేవారు నిలబడి చూడవలసినది. కారును గట్టున వదిలిపెట్టి ఇక ఆ రోజంతా దాని జోలికి వెళ్లకండి.

మొదటి ఉదయం: వంతెన

బల్లినా వైపు నుంచి మొదలుపెట్టండి. 13 కమానుల ఈ రాతి వంతెన మీద సగం దూరం నడిచి ఆగి, ముందు ఉత్తరానికి తిరగండి. ఎడమ చేతి వైపు స్లీవ్ బెర్నా కొండలు, కుడి చేతి వైపు ఆరా కొండలు, ఆ రెంటి మధ్య నుంచి సరస్సు మీ వైపే వస్తూ కనిపిస్తుంది. తరువాత దక్షిణానికి తిరిగితే అదే నీరు నదిగా మారి సాగిపోతుంది. ఈ చోటు ఎవరి చేతిలో ఉంటే షానన్ మీద వచ్చీపోయే పడవలన్నీ వారి చేతిలో ఉన్నట్టే. 10వ శతాబ్దంలో దాల్ గాష్ అనే తెగ ఇక్కడ బలపడి, ఐర్లండ్‌కు మహారాజైన బ్రయన్ బోరూను అందించిందంటే అందులో ఈ నీటి ఇరుకు పాత్ర తక్కువేమీ కాదు. దాదాపు 941లో పుట్టిన బ్రయన్ 1002లో మహారాజుగా గుర్తింపు పొందాడు, 1014లో డబ్లిన్ దగ్గరి క్లాన్‌టార్ఫ్ యుద్ధంలో హతుడయ్యాడు. ఆయన కింకోరా ప్రాసాదం ఈ ఊళ్లోనే ఉండేది.

వంతెన దాటేలోపు గోడకున్న స్మారక ఫలకం దగ్గర కాసేపు నిలబడండి. ఐర్లండ్ స్వాతంత్ర్య యుద్ధకాలంలో, 1920 నవంబరు 16 రాత్రి, ఆల్ఫీ రోజర్స్, మైకేల్ మెక్‌మాన్, మార్టిన్ గిల్డియా అనే ముగ్గురు యోధులను, వారు తలదాచుకున్న ఇంటి సంరక్షకుడు జాన్ ఈగన్‌ను బ్రిటిష్ సహాయక దళాలు పట్టుకుని తెచ్చి ఈ వంతెన మీదే కాల్చి చంపాయి. పారిపోబోతుంటే కాల్చామని దళాలు చెప్పాయి, స్థానికులు ఆ మాటను ఏనాడూ నమ్మలేదు. ఆ నలుగురినీ ఈ ప్రాంతంలో స్కారిఫ్ అమరవీరులు అంటారు. అల్లూరి సీతారామరాజు విషయంలో పారిపోబోయాడన్న అధికారుల వాదన విన్న మనకు ఈ ఫలకం ముందు పరాయితనం అనిపించదు.

సెయింట్ ఫ్లానన్ కెథడ్రల్: తొందరపడకండి

వంతెన దిగగానే కుడి పక్కనా ఎడమ పక్కనా చూడండి. నదికి, పాత కాలువకు మధ్య సన్నని నేల కనిపిస్తుంది, ఆదివారాల్లో రైతు బజారు పెట్టే చోటు అదే. అక్కడి నుంచి నాలుగడుగులు వేస్తే బూడిద రంగు కెథడ్రల్, అంటే బిషప్ పీఠమున్న ప్రధాన చర్చి, వస్తుంది. 13వ శతాబ్దం మొదట్లో కట్టిన ఈ ఆలయం ఇప్పుడు ప్రొటెస్టెంట్ శాఖ అయిన చర్చ్ ఆఫ్ ఐర్లండ్ వారిది, నేటికీ ప్రార్థనలు జరుగుతున్నాయి కాబట్టి ఆదివారం ఉదయం ప్రార్థన వేళ తప్పించి వెళ్లండి. ఊరు మొత్తంలో ఎక్కువ సమయం ఇవ్వవలసిన చోటు ఇదని నా దృఢమైన అభిప్రాయం. కనీసం గంట కేటాయించండి.

లోపల అడుగు పెట్టాక ముందు నైరుతి మూలకు వెళ్లండి. గోడలో కలిపేసిన ఒక రోమనెస్క్ (గుండ్రని కమానుల పాత ఐరోపా శైలి) ద్వారబంధం ఉంటుంది, అది ఇప్పటి కెథడ్రల్ కంటే పాతది. ఒకదాని లోపల ఒకటిగా కమానులు, వాటి మీద రాతిని నలగ్గొట్టకుండా దారం తిప్పినట్టు చెక్కిన వంకర గీతలు, ఆకులు, జంతువుల రూపాలు ఉంటాయి. ఎదురుగా నిలబడి చూస్తే ఇవన్నీ కలగాపులగంగా కనిపిస్తాయి. ఒక పక్కకు జరిగి, కిటికీ వెలుతురు అడ్డంగా పడేలా చూడండి. అప్పుడు ఒక్కొక్క గీత విడివిడిగా తేలుతుంది. ఈ ద్వారం 1119లో చనిపోయిన మూర్‌హెర్తాహ్ ఓబ్రయన్ రాజు సమాధికి సంబంధించినదని ఊరి నమ్మకం. ఆయన బ్రయన్ బోరూకు మునిమనవడు.

దాని తరువాత చూడవలసినది తోర్‌గ్రిమ్ రాయి. చూడడానికి విరిగిన శిలువ దిమ్మె ముక్కలా సాదాగా ఉంటుంది, తెలియనివారు దాటుకుని పోతారు. కానీ ఆ ఒక్క ముక్క మీద రెండు లిపులున్నాయి. ఒకటి ఉత్తర ఐరోపా నుంచి ఓడల్లో వచ్చిన వైకింగుల రూన్ లిపి: నిలువు గీతలకు ఏటవాలు కొమ్మలు తగిలించినట్టుంటుంది. తోర్‌గ్రిమ్ ఈ శిలువను చెక్కాడన్నది దాని సారాంశం. రెండోది ఐర్లండ్ ప్రాచీన ఓగమ్ లిపి: ఒక అంచు వెంట గుంపులు గుంపులుగా గాట్లు పెట్టినట్టుంటుంది. అందులో తోర్‌గ్రిమ్‌కు దీవెన ఉంది. రాయి దాదాపు వెయ్యేళ్ల నాటిది, 1916లో బయటపడింది. దోచుకోవడానికి వచ్చిన జాతివాడు ఇక్కడే స్థిరపడి, క్రైస్తవుడై, తన లిపిలోనూ ఇక్కడి లిపిలోనూ రాయించుకున్నాడన్నమాట. రూన్, ఓగమ్ లిపులు కలిసి కనిపించే రాళ్లు ఐర్లండ్‌లో బహు అరుదు. అమరావతి, నాగార్జునకొండ శాసనాల ముందు వేలితో అక్షరం వెంట అక్షరం పట్టుకుని చదివే అలవాటున్నవారు ఇక్కడ కూడా అలాగే చదవండి, కాకపోతే రాతిని తాకకుండా.

పక్కనే ఎత్తయిన శిలువ ఒకటి ఉంది. దాని సొంత ఊరు ఇది కాదు. 12వ శతాబ్దంలో క్లేర్ జిల్లాలోనే కిల్‌ఫెనోరాలో నిలబెట్టిన ఆ శిలువను 1821లో బిషప్ రిచర్డ్ మాంట్ ఇక్కడికి తెప్పించాడు. మీరు తరువాత అదే జిల్లాలో రాతినేల పరుచుకున్న బర్రెన్ ప్రాంతానికి వెళ్లే పనైతే కిల్‌ఫెనోరాలో మిగిలిన శిలువలను కూడా చూసి పోల్చుకోండి.

బయటికి వచ్చాక చర్చి ఆవరణలోనే సెయింట్ ఫ్లానన్ పేరిట ఉన్న చిన్న ప్రార్థనాలయం వైపు నడవండి. 12వ శతాబ్దపు కట్టడం. దీని ప్రత్యేకత పైకప్పు: చెక్క దూలాలు లేవు, పెంకులు లేవు, అంతా రాయే. అంత బరువు లోపలికి కుంగిపోకుండా ఉండడానికి కింద కమానుగా ఒక గూడు కట్టి, దాని మీద నిటారుగా ఏటవాలు కప్పును నిలబెట్టారు. రెంటికీ మధ్య చిన్న అటక లాంటి గది మిగిలింది. వానలో ఇక్కడికి వచ్చే అవకాశం మీకు తప్పకుండా దొరుకుతుంది కనుక, కప్పు మీది నుంచి నీరు ఎలా జారిపోతోందో చూడండి. తొమ్మిది వందల ఏళ్లుగా అది నిలిచిన కారణం తెలుస్తుంది.

కొండ మీదికి: నీట మునగకుండా దక్కిన గుడి

ఇప్పుడు ఊరి ప్రధాన వీధి ఎక్కండి. నిటారుగా ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్నవారు ఆగి ఆగి వెళ్లండి. పైన కాథలిక్ చర్చి వస్తుంది. బ్రయన్ బోరూ కింకోరా ప్రాసాదం ఈ మెట్ట మీదే ఉండేదని చెబుతారు. దాని ఆనవాళ్లేమీ నేల మీద లేవు, వెతకకండి. మీరు చూడవలసినది చర్చి పక్కన నిలబడి ఉన్న సెయింట్ లువా ప్రార్థనాలయం.

ఈ చిన్న రాతి గుడి మొదట ఊరికి కాస్త దిగువన, నది మధ్యలోని ఫ్రయర్స్ ఐలాండ్ అనే లంకలో ఉండేది. స్వాతంత్ర్యం వచ్చిన కొద్ది కాలానికే ఐర్లండ్ ప్రభుత్వం షానన్ మీద భారీ జలవిద్యుత్ పథకం తలపెట్టి, 1925లో జర్మనీకి చెందిన సీమెన్స్‌కు పని అప్పగించింది. దిగువన పార్టీన్ దగ్గర ఆనకట్ట కట్టి, నీటిని కాలువ ద్వారా ఆర్డ్‌నక్రూషా కేంద్రానికి మళ్లించారు. కేంద్రం 1929లో విద్యుత్తు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆనకట్ట వెనుక నీటిమట్టం పెరిగి లంక మునిగిపోతుందని తేలడంతో, గుడిని రాయి రాయిగా విప్పి, కొండ మీదికి చేర్చి, మళ్లీ అదే వరుసలో పేర్చారు. శ్రీశైలం జలాశయంలో మునిగే గుళ్లను విప్పి ఆలంపురం తదితర చోట్ల మళ్లీ కట్టిన సంగతి తెలిసిన మనకు ఈ పనిలోని శ్రమ, దాని వెనుక ఉన్న బాధ వెంటనే అర్థమవుతాయి. గుడిని చూశాక వెనక్కి తిరిగి నది వైపు చూడండి. ఉదయం వంతెన మీద మీరు చూసిన నీటిమట్టం ప్రకృతి ఇచ్చినది కాదని, మనుషులు నిర్ణయించిన మట్టమని అప్పుడు గుర్తుకొస్తుంది.

మధ్యాహ్నం

భోజనానికి రెండు గట్టుల మీదా చోట్లున్నాయి. శాకాహారులు సూప్ అడిగేటప్పుడు అది కూరగాయల నీటితో చేసిందా, కోడి ఎముకల నీటితో చేసిందా అని తప్పక అడగండి, పేరులో కూరగాయలున్నా ఒక్కోసారి రెండోదే వాడతారు. గోధుమ రంగు సోడా బ్రెడ్, వెన్న మాత్రం ఎక్కడైనా నిశ్చింతగా తినవచ్చు.

తిన్నాక సీజన్‌లో అయితే సరస్సు మీద దాదాపు గంట సేపు తిప్పే పడవ ఎక్కండి. పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న కుటుంబానికి ఇంతకంటే సుఖమైన పని లేదు. గాలి ఎక్కువగా ఉన్న రోజు పడవలు రద్దవుతాయి కాబట్టి ఉదయమే కనుక్కోండి.

రెండో రోజు: సరస్సు అంచు

ఊరి నుంచి స్కారిఫ్ రోడ్డు మీద ఉత్తరానికి రెండు కిలోమీటర్ల లోపు వెళితే కుడి పక్కన బేల్ బోరూ అనే మట్టికోటకు దారి ఉంటుంది. పొలం పక్కగా, చెట్ల కింద కొద్ది నిమిషాల నడక. లోపలికి వెళితే గుండ్రని ఎత్తయిన కట్ట, దాని మీద బీచ్ అనే జాతి పెద్ద పెద్ద చెట్లు, బయట కందకం. రాతి గోడలు, బురుజులు ఉంటాయని ఆశించి వెళ్లకండి. కట్ట మీదికి ఎక్కి చెట్ల సందుల్లోంచి చూస్తే సరస్సు ఇరుకయ్యే మొన మొత్తం మీ కింద ఉంటుంది. కోట ఎందుకు ఇక్కడే కట్టారన్న ప్రశ్నకు జవాబు అదే. 1961లో తవ్వకాలు జరిపినప్పుడు కట్ట కింద 11వ శతాబ్దపు కొయ్య ఇంటి ఆనవాళ్లు, ఆ కాలపు నాణేలు దొరికాయి. 1116లో పడమటి ప్రాంతమైన కనాక్ట్ రాజు టుర్లా ఓకానర్ ఈ కోటను ధ్వంసం చేశాడు.

అదే రోడ్డు మీద ఇంకాస్త ముందుకు వెళితే బల్లీకగరన్ వస్తుంది, స్థానికులు టూ మైల్ గేట్ అంటారు. ఈత కొట్టేవారికి సరస్సులోకి దిగే చోటు ఇదే. వేసవిలో రక్షకులు ఉండే వేళల్లోనే దిగండి. జూలైలో కూడా నీరు వణికిస్తుంది, మన చెరువుల్లో కొట్టిన ఈత ధైర్యంతో ఒక్కసారిగా దూకడం ప్రమాదకరం. నడుము లోతులో నిలబడి ఊపిరి కుదుటపడ్డాకే ముందుకు వెళ్లండి. కాళ్లకు రబ్బరు చెప్పులు వేసుకోండి. 1990ల చివర్లో ఈ సరస్సులో జీబ్రా గుల్లలు వ్యాపించాయి. వేలి గోరంత ఆ గుల్లల అంచులు రాళ్లకు అంటుకుని ఉండి పాదాలను బ్లేడులా కోస్తాయి. నీటి మీద పచ్చని తెట్టు కనిపించినా, హెచ్చరిక బోర్డు ఉన్నా దిగకండి, పిల్లలను అసలే దించకండి. కయాకింగ్, తెరచాప పడవలు నేర్చుకోవాలనుకునేవారికి లిమెరిక్ విశ్వవిద్యాలయం వారి సాహస క్రీడల కేంద్రం ఇక్కడే ఉంది, ముందుగా బుక్ చేసుకోవాలి.

ఆ మధ్యాహ్నానికి ఒక కొండ ఎంచుకోండి, రెండూ ఒకే రోజు పెట్టుకోవద్దు. బల్లీకగరన్ అడవి దారి నుంచి ఎక్కితే 532 మీటర్ల మొయిలస్సా వస్తుంది, క్లేర్ జిల్లాలో అన్నిటికంటే ఎత్తయిన చోటు అదే. పోను రాను నాలుగు గంటలు వేసుకోండి. పైభాగం తడి పీట్ నేల, అంటే కుళ్లిన మొక్కలు పేరుకున్న మెత్తని నేల, కాబట్టి బూట్లు బురదవుతాయి. అంత నడవలేనివారు టిప్పరరీ వైపు టౌంటిన్నా కొండ ఎంచుకోవడం మేలు. బల్లినా నుంచి పోర్ట్‌రో వెళ్లే రోడ్డు మీద ఒక వ్యూ పాయింట్ ఉంది, కారులోంచి దిగి నాలుగడుగులు వేస్తే చాలు. కొండ వాలు మీద లెన్‌స్టర్ వీరుల సమాధులు అనే రాళ్ల వరుస ఉంది. బ్రయన్ బోరూ కాలంలో తూర్పు ప్రాంతమైన లెన్‌స్టర్ నాయకుడిని, అతని మనుషులను ఇక్కడ మాటువేసి చంపారన్నది కథ. రాళ్లు మాత్రం ఆ కాలానికి ఎంతో ముందటివి, చరిత్ర పూర్వ యుగానివి. పోర్ట్‌రో దగ్గరి కొండల్లో ఒకప్పుడు పలకరాయి తవ్వి ఇళ్ల కప్పులకు పంపేవారు. నీటితో నిండిన ఆ పాత గని ఇప్పుడు స్కూబా డైవింగ్ నేర్పే కేంద్రమైంది.

వీలైతే మూడో రోజు: హోలీ ఐలాండ్

రెండు రోజులకే వచ్చినవారు కూడా ఇంకొక్క రోజు కలుపుకోగలిగితే దీనికే కలుపుకోండి. కిల్లలూ నుంచి సరస్సు పడమటి గట్టు వెంట దాదాపు 25 కిలోమీటర్లు వెళితే మౌంట్‌షానన్ వస్తుంది. సీజన్‌లో అక్కడి రేవు నుంచి హోలీ ఐలాండ్‌కు పడవ దొరుకుతుంది. సెయింట్ కామిన్ పేరు 7వ శతాబ్దం నుంచి ఈ దీవితో ముడిపడి ఉంది. వైకింగులు 9, 10 శతాబ్దాల్లో దీన్ని దోచారు, తరువాత బ్రయన్ బోరూ సోదరుడు మార్కాన్ ఇక్కడి మఠాధిపతి అయ్యాడు. పైకప్పు లేని గుండ్రని గోపురం, చిన్న చిన్న చర్చిల శిథిలాలు, ఒక పవిత్ర బావి ఉన్నాయి. చుట్టుపక్కల కుటుంబాలు నేటికీ తమవాళ్లను ఇక్కడే ఖననం చేస్తాయి. అందుకని సమాధుల మీద కూర్చోకండి, పిల్లలను రాళ్లెక్కనివ్వకండి. దీవి మీద దుకాణం, మరుగుదొడ్డి ఉంటాయనుకుని వెళ్లవద్దు, నీళ్లు వెంట తీసుకెళ్లండి.

పడవలో వెళ్లేటప్పుడు ఆకాశం మీద కన్నేసి ఉంచండి. ఐర్లండ్‌లో పూర్తిగా అంతరించిన తెల్లతోక సముద్రపు గద్దలను 2007 నుంచి నార్వే నుంచి తెచ్చిన గద్ద పిల్లలతో మళ్లీ ప్రవేశపెట్టారు. 2013లో మౌంట్‌షానన్ దగ్గర ఒక జంట గూటి నుంచి పిల్లలు ఎగిరాయి. శతాబ్దం తరువాత ఆ దేశంలో పుట్టి ఎగిరిన మొదటి తెల్లతోక గద్దలు అవే. బైనాక్యులర్ ఉంటే తెచ్చుకోండి, గూళ్ల వైపు పడవ పోనివ్వమని నడిపేవారిని బతిమాలకండి.

తిరుగు దారిలో సమయం మిగిలితే తూమ్‌గ్రేనీ దగ్గరి రహీన్ అడవిలో బ్రయన్ బోరూ పేరుతో పిలిచే వృద్ధ ఓక్ చెట్టును చూడవచ్చు. సరస్సు ఉత్తరపు కొసన పోర్టుమ్నాలో 1618 నాటి కోట ఉంది కానీ, దాన్ని ఇదే రోజు ఇరికించకండి; గాల్వే వెళ్లే ప్రయాణంలో పెట్టుకుంటే నింపాదిగా చూడవచ్చు. బస్సు మీద ఆధారపడినవారు మౌంట్‌షానన్ నుంచి సాయంత్రానికి ముందే బయలుదేరాలి. లిమెరిక్‌లో డబ్లిన్ రైలుకు కనీసం గంట వ్యవధి ఉండేలా చూసుకోండి.